డెమోలో మాస్టారిని కాదు, పడేవాడిని చూడండి: తైచీ, ఐకిడో, జూడో, బాక్సింగ్‌లలో ఏది ఎవరికి?

హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వీకెండ్ వర్క్‌షాప్. నన్నూ ఇంకో నలుగురినీ ఒకరి వెనక ఒకరిని వరసగా నిలబెట్టారు. ముందున్నవాడు మాస్టారి ఛాతీ మీద చేతులు పెట్టాడు. మిగతావాళ్లం ఎవరి ముందున్నవాడి వీపు మీద వాళ్లం చేతులు ఆనించాం. "ఐదుగురూ కలిసి తొయ్యండి" అన్నారు మాస్టారు. తోశాం. యాభై దాటిన సన్నపాటి మనిషి, అంగుళం కదల్లేదు. ఆయన నడుము చిన్నగా తిప్పేసరికి మేమే వెనక్కి తూలాం. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

వరసలో నేను మూడోవాణ్ని. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది, నేను తోసింది రెండోవాడి వీపుని. వాడు తోసింది మొదటివాడి వీపుని. మాస్టారి దాకా చేరింది మొదటివాడి చేతులు మోయగలిగినంత బలమే. వాడి మోచేతులు కాస్త మడతపడగానే వెనకున్న నలుగురి బలం అక్కడే ఆగిపోయింది. 1880ల్లో అమెరికాలో లూలూ హర్స్ట్ అనే టీనేజ్ అమ్మాయి నాటకశాలల్లో ఇలాంటి ప్రదర్శనలే ఇచ్చి, దిట్టమైన మగవాళ్లను తూలేలా చేసింది. అదంతా తులాదండం లెక్కేనని కొన్నేళ్ల తర్వాత తానే పుస్తకంలో రాసింది.

వర్క్‌షాప్ చివర్లో మా బావ వంతు వచ్చింది. చిన్నప్పుడు కొన్నేళ్లు తాలింఖానాలో కుస్తీ పట్టినవాడు. తొయ్యమంటే తొయ్యలేదు. మాస్టారి మెడ వెనక ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో ఆయన ముంజేయి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. రెండు మూడు సెకన్లు ఏమీ జరగలేదు. "అలా కాదండీ, నేను చెప్పినట్టు తొయ్యాలి" అన్నారు మాస్టారు. బావ వదిలేసి, నమస్కారం పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"నేను చెప్పినట్టు తొయ్యాలి" అన్న ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఏ క్లాసులో చేరాలో తేలక తైచీ, ఐకిడో, జూడో, బాక్సింగ్ అంటూ వీడియోలు చూసి తల బద్దలు కొట్టుకునేవాళ్లకు కూడా పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

## ముందు దేన్ని చూడాలి

అన్నిటికంటే బరువైన కొలత ఇది: క్లాసులో మీ జోడీకి మీ మాట వినకుండా ఉండే హక్కు ఉందా? మీరు చెయ్యి పట్టుకుంటే లాక్కోవచ్చా, ఖాళీ చేత్తో గుద్దొచ్చా, కాలు అడ్డం పెట్టొచ్చా, అసలు దగ్గరికే రాకుండా ఉండొచ్చా? ఈ స్వేచ్ఛ ఎంత ఉంటే మీరు నేర్చుకున్నది క్లాసు గుమ్మం దాటి అంత దూరం వస్తుంది.

పూర్తి బలంతో, పూర్తి వేగంతో ఎంత చేయనిస్తారన్నది తర్వాతి సంగతి. దాంతోపాటు సీనియర్లు ఎంత తరచుగా ఓడిపోతున్నారో గమనించండి. జూడో క్లాసులో బ్లాక్ బెల్టు కూడా రోజూ ఎవరి చేతిలోనో ఒకరి చేతిలో పడుతుంటాడు, లేచి దులుపుకుంటాడు. ఎవరూ ఎప్పుడూ ఓడిపోని క్లాసులో అసలు పరీక్షే లేదని లెక్క.

గాయాలు, వయసు, దూరం, ఫీజు ఆ తర్వాత. చివర రాశానని గాయాలంటే చిన్నచూపు లేదు. ముప్పై ఐదు దాటినవాళ్లకు అదే మొదటి కొలత కావచ్చు. మోకాలు పోయాక ఏ విద్య ఉండి ఏం లాభం?

## డెమో అంటే అన్నీ ఒకటి కావు

చైనాలో తైచీ, షింగ్‌యీ, బాగ్వా అనే మూడింటినీ కలిపి "నేజియా" అంటారు, లోపలి సంప్రదాయం అని. బయటి కండబలం మీద కాకుండా భంగిమ, ఊపిరి, వదులుతనం మీద నడిచేవన్నమాట. మణికట్టు పట్టి, ఒడిసి పడేసే జపాన్ ఐకిడోను కూడా జనం ఇదే గాటన కడతారు. వీటి డెమోలు నాకు మూడు రకాలుగా కనిపిస్తాయి.

ఒకటి, తాకకుండా పడగొట్టేవి. వీటి గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. జపాన్‌లో యనాగి ర్యుకెన్ అనే పెద్దాయన చెయ్యి ఊపితే పదిమంది శిష్యులు పొర్లిపోయేవారు. 2006లో ఆయన పందెం కట్టి మరీ ఒక ఫైటర్‌తో తలపడ్డాడు. చేతులు ఊపాడు, ఎదుటివాడు పడలేదు. కాసేపటికే గుద్దులు తిని ఓడిపోయాడు. నాకు ఆయన మీద కోపం రాదు. మోసగాడైతే పందెం కట్టేవాడే కాదు. ఏళ్ల తరబడి శిష్యులు మర్యాదగా పడుతూ వచ్చారు, ఆయన అది తన శక్తే అనుకున్నాడు. గురువుగారు పడమన్నట్టు చూస్తే పడకుండా నిలబడటం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

రెండోది, తాకి చేసేవే కానీ ఎదుటివాడు ఏం చేయాలో ముందే చెప్పి చేసేవి. మా ఐదుగురి వరస ఈ రకం. దీంట్లో అబద్ధం ఉండకపోవచ్చు. "వంగని చెయ్యి" సంగతే చూడండి. ఇంట్లో చేయొచ్చు. పిడికిలి బిగించి, కండలన్నీ బిగపట్టి చెయ్యి చాచండి. మోచేయి దగ్గర వంచమని ఎవరికైనా చెప్పండి, వంగుతుంది. ఈసారి వేళ్లు తెరిచి, భుజం వదిలేసి, చెయ్యి ఎదురుగోడ దాకా సాగుతోందని అనుకోండి. వంచడానికి అవతలివాళ్లు చెమటోడ్చాలి. దీన్నే డెమో మాస్టార్లు ప్రాణశక్తి అంటారు. అసలు సంగతి వేరు. మొదటిసారి చేతిని మడిచే ముందువైపు కండ కూడా బిగుసుకుని, వంచేవాడికే సాయపడింది. రెండోసారి అది వదులైంది, చాచే వెనకవైపు కండ ఒక్కటే పనిచేసింది. మంచి పాఠమే. కాకపోతే అవతలివాడు మోచేయినే వంచాలన్న రూలు ఉన్నంతసేపే అది చెల్లుతుంది. వాడు మోచేయి వదిలేసి మీ కాలు లాగితే ఆ చెయ్యి వంగినా ఒకటే, వంగకపోయినా ఒకటే.

మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవాడని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ బలం నిజమే. కానీ ఆ ఏనుగు కుస్తీ పట్టడానికి రాలేదు.

మూడో రకంలో ఇద్దరికీ కొంత స్వేచ్ఛ ఉంటుంది, అడుగు కదిపిన వాడు ఓడినట్టు లాంటి చిన్న రూలేదో ఉంటుంది. తైచీలో చేతులు ఆనించి ఒకరినొకరు తూలేలా చేసే "పుష్ హ్యాండ్స్" పోటీలు ఇలాంటివి. డెమో ఈ రకానిదైతే కూర్చుని శ్రద్ధగా చూడండి.

## నిజంగా తలపడినప్పుడు ఏమైంది

2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో తైచీ మాస్టర్ వే లేతో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోటీ) కోచ్ షు షియావోదోంగ్ తలపడ్డాడు. దాదాపు ఇరవై సెకన్లలో వే లే కింద ఉన్నాడు. 2020 మేలో 69 ఏళ్ల మా బావోగువో యాభై ఏళ్ల ఔత్సాహికుడి చేతిలో అర నిమిషంలో మూడుసార్లు పడ్డాడు, మూడోసారి లేవలేదు. ఈ రెండు వీడియోలు చూపించి "తైచీ అంతా డొల్ల" అనడం తేలిక. నాకు అది తొందరపాటు మాటే అనిపిస్తుంది. ఆ వీడియోల్లో తైచీ కంటే ముందు కనిపించేది, ముఖం మీదికి గుద్దు వస్తుంటే ఏం చేయాలో తెలియని మనుషులు. మీద గుద్దులు పడే సాధన లేనివాడు ఏ విద్య నేర్చినా అంతే. స్పారింగ్ (జోడీతో నిజంగా తలపడే సాధన) లేకుండా గాలిలో గుద్దులు విసిరే కరాటే బ్లాక్ బెల్టులు మన ఊళ్లలో ఎంతమంది లేరు?

అసలు ఆసక్తికరమైన పోటీ 1954 జనవరిలో మకావులో జరిగింది. యాభై దాటిన తైచీ గురువు వూ గోంగ్‌యీ ఒకవైపు, ముప్పైల్లో ఉన్న వైట్ క్రేన్ (తెల్లకొంగ పేరుతో ఉన్న చైనా కుంగ్‌ఫూ) యోధుడు చాన్ హాక్-ఫు ఇంకోవైపు. హాంకాంగ్‌లో అగ్నిప్రమాదంలో ఇళ్లు పోయినవాళ్ల కోసం విరాళాల పోటీ అది. చూసినవాళ్లు లోపలి శక్తీ, కొంగ భంగిమలూ ఉంటాయనుకుని ఉంటారు. జరిగింది మాత్రం వీధి కొట్లాటలాంటి గుద్దులాట. ఇద్దరూ దెబ్బలు తిన్నారు. రెండో రౌండ్‌లో ఆపేసి, ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, డ్రా కూడా కాదు అని ప్రకటించారు. మర్యాదకు అంతకంటే చక్కని తీర్పు నేను వినలేదు. ఏళ్ల తరబడి సాధన చేసిన భంగిమలు ఆ పోటీలో పెద్దగా కనబడవు. అయినా వూ చేతులెత్తేయలేదు, నిలబడ్డాడు. అంటే ఎంతో కొంత పనికొచ్చింది, కాకపోతే డెమోలో కనిపించే రూపంలో కాదు.

## ఒక్కోదాన్నీ ఆ కొలతతో కొలిస్తే

తైచీ. పార్కుల్లో నెమ్మదిగా చేసేది చాలావరకు 1956లో చైనా క్రీడాసంఘం కూర్చిన 24 భంగిమల క్రమం. అది వ్యాయామంగా చేసినదే, అలాగే చూడాలి. ఆరోగ్యానికి మాత్రం తిరుగులేదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు జట్లు చేసి, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు సాధన చేయించారు. తైచీ జట్టుకు బ్యాలెన్స్ మెరుగైంది. స్ట్రెచింగ్ జట్టుతో పోలిస్తే పడిపోవడాలు బాగా తగ్గాయి.

కొట్లాట మాటకొస్తే, ఆ క్లాసులో పుష్ హ్యాండ్స్ ఉందా, అందులోనూ అడుగులు కదుపుతూ పడేసే రకం ఉందా అన్నదే ప్రశ్న. హెనాన్‌లోని చెన్ గ్రామం సంప్రదాయంలో పట్లు, పడేయడాలు కుస్తీకి దగ్గరగా ఉంటాయి. తైచీవాళ్లు "వినడం" అంటారు, చర్మం తాకిన చోట నుంచే ఎదుటివాడి బరువు ఏ కాలి మీదుందో పసిగట్టడం. అది గొప్ప నేర్పు, కల్పన ఏమీ లేదు. జూడోవాళ్లకూ కుస్తీ పట్టేవాళ్లకూ అదే నేర్పు ఉంటుంది, పేరు వేరు. తేడా ఏమిటంటే, తైచీలో అది సన్నగా, నాజూగ్గా వస్తుంది, కానీ ప్రశాంతమైన గదిలో. జూడోలో మోటుగా వస్తుంది, కానీ చొక్కా చిరిగేలా లాగుతున్నప్పుడు కూడా పోదు.

షింగ్‌యీ, బాగ్వా, యీచువాన్. తెలుగు నేల మీద గురువు దొరకడమే కష్టం కాబట్టి క్లుప్తంగా చెప్తాను. షింగ్‌యీ సూటిగా దూసుకెళ్లే గుద్దుల విద్య, బాగ్వా చుట్టూ తిరిగే అడుగుల విద్య. షింగ్‌యీ నుంచి పుట్టిన యీచువాన్‌ను పెట్టిన వాంగ్ షియాంగ్‌జాయ్ కట్టుదిట్టమైన భంగిమల క్రమాలు కొట్లాటకు అక్కరకు రావని తానే విమర్శించాడు. గ్లవ్స్ వేసుకుని స్పారింగ్ చేసే బడి దొరికితే చేరండి, లేకపోతే వదిలేయండి.

ఐకిడో. చూడటానికి ఇంత అందమైన విద్య ఇంకోటి లేదు. పడేవాడు గాల్లో తిరిగి పడతాడు. అతను నటిస్తున్నాడని అనుకోకండి. మణికట్టు విరగకుండా ముందుగానే దూకడం అతనికి నేర్పిన జాగ్రత్త. చిక్కు అక్కడే ఉంది. ఆ జాగ్రత్త అలవాటై, పట్టు సరిగ్గా కుదరకపోయినా పడిపోతాడు. పడేసినవాడు కుదిరిందనుకుంటాడు. ఇద్దరూ పదేళ్లు అలా సంతోషంగా గడిపేయొచ్చు. దీన్ని సరిచేయాలని చూసినవాడు కెంజీ తోమికి. జూడో, ఐకిడో రెండూ ఎరిగినవాడు. టోక్యో వసేదా విశ్వవిద్యాలయంలో పోటీ ఐకిడోను రూపొందించాడు. ఒకరు రబ్బరు కత్తితో నిజంగా పొడవాలని చూస్తారు, రెండోవారు ఒట్టి చేతులతో ఆపాలి. ఆ పోటీల్లో సినిమా లాంటి పల్టీలు చాలా తక్కువ. దెబ్బ తగలకుండా పడటం నేర్పినందుకు ఐకిడోకు దండం పెట్టాలి. బైక్ మీంచి జారినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

జూడో, బీజేజే (నేల మీద పట్లు పట్టే బ్రెజిలియన్ జుజుత్సు), కుస్తీ. 1882లో జిగోరో కానో జపాన్‌లో కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టినప్పుడు చేసిన తెలివైన పని ఒకటుంది. జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధనలోంచి తీసేశాడు. మిగిలినవాటిని రోజూ, పూర్తి బలంతో, తిరగబడేవాడి మీద చేయొచ్చు. "మా విద్య మరీ ప్రాణాంతకం, స్పారింగ్ చేస్తే చచ్చిపోతారు" అని ఏ మాస్టారైనా అంటే నాకు కానో గుర్తొస్తాడు. కంట్లో వేలు పొడిచే విద్యను రోజూ సాధన చేయలేరు కాబట్టి, రోజూ సాధన చేసే సాదా పట్టే దానికంటే గట్టిపడుతుంది. 1993లో డెన్వర్‌లో వేర్వేరు విద్యలవాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో తనకంటే బరువైనవాళ్లను బీజేజే ఆటగాడు రాయిస్ గ్రేసీ ఓడించింది కూడా ఇలా వేలసార్లు చేసిన సాదా పట్లతోనే.

లోపాలూ ఉన్నాయి. జూడోలో భుజం, మోకాలు దెబ్బతింటాయి. బీజేజేలో నేల మీద హాయిగా పడుకుని ఆలోచించే అలవాటు పడుతుంది, రోడ్డు మీద అవతలివాడి ఫ్రెండు కూడా ఉంటాడని మరిచిపోతారు. మన కుస్తీ చవక, గట్టిది, కానీ పెద్దయ్యాక చేరేవాళ్లకు తాలింఖానాలో ఓపిగ్గా నేర్పేవాళ్లు తక్కువ.

బాక్సింగ్, కిక్‌బాక్సింగ్. మూడు నెలల్లో తేడా తెలిసేది దీనిలోనే. గుద్దు వస్తుంటే కళ్లు మూసుకోకుండా ఉండటం ఒక్కటి వచ్చినా పెట్టిన డబ్బు వసూలైనట్టే. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక అమ్మాయిలను చేర్చుకోవడానికి కోచ్‌లు, పంపడానికి తల్లిదండ్రులు మునుపటంత వెనకాడటం లేదు. తలకు దెబ్బలు దీని అసలు ఖరీదు. వారం వారం గట్టిగా స్పారింగ్ చేయించే జిమ్‌కు దూరంగా ఉండండి. తేలికపాటి స్పారింగ్ చాలు.

| విద్య | జోడీకి ఎంత స్వేచ్ఛ | తిరగబడేవాడి మీద | గాయాల భయం |
|---|---|---|---|
| తైచీ, భంగిమలు మాత్రమే | లేదు | దాదాపు శూన్యం | చాలా తక్కువ |
| తైచీ, కదిలే పుష్ హ్యాండ్స్‌తో | కొంత | పట్టు దూరంలో కొంత | తక్కువ |
| మామూలు ఐకిడో | చాలా తక్కువ | పడటం తప్ప తక్కువే | తక్కువ, మణికట్లు జాగ్రత్త |
| తోమికి ఐకిడో | మధ్యస్థం | పర్వాలేదు | మధ్యస్థం |
| జూడో, కుస్తీ | ఎక్కువ | బాగా | ఎక్కువ |
| బీజేజే | ఎక్కువ | ఒకరితో ఒకరికి బాగా | మధ్యస్థం |
| బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ | ఎక్కువ | బాగా, పట్టుకుంటే తప్ప | ఎక్కువ, ముఖ్యంగా తలకు |

## మీరు ఏ రకం?

అరవై దాటినవాళ్లు, లేదా అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి కమ్యూనిటీ సెంటర్ క్లాసుల లిస్టు చూస్తున్న అమ్మానాన్నలు అయితే కళ్లు మూసుకుని తైచీ. ఫైటింగ్ గొడవే వద్దు. బాత్రూంలో జారకపోవడమే మీ ఆత్మరక్షణ.

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ముప్పై ఏళ్లవాళ్లకు నేనైతే బీజేజే అంటాను. పూర్తి బలంతో చేయొచ్చు, మర్నాడు ఆఫీసుకు నల్లబడిన కన్నుతో వెళ్లక్కర్లేదు. మీ ఊళ్లో బీజేజే లేకపోతే ప్రభుత్వ స్టేడియంలో జూడో కోచింగ్ ఉందేమో కనుక్కోండి, ఫీజు కూడా తక్కువే ఉంటుంది. చిన్నపిల్లలకూ జూడోనే. పడటం చిన్నప్పుడే వస్తుంది.

ఆత్మరక్షణ కోసం చూస్తున్న అమ్మాయిలకు ఒక హెచ్చరిక. కాలేజీల్లో జరిగే ఒక్కరోజు వర్క్‌షాపులు కూడా డెమోలే. ఫ్రెండు మెల్లగా మణికట్టు పట్టుకుంటుంది, మీరు తిప్పి విడిపించుకుంటారు, ఫొటో దిగుతారు. అదే పట్టును మీ అన్నయ్యనో తమ్ముడినో నిజంగా బిగించమనండి. అక్కడ కుదరనిది బయట కుదరదు. ఆరు నెలలు బాక్సింగో జూడోనో చేయండి. గట్టిగా అరవడం, పరిగెత్తడం, 112కు ఫోన్ చేయడం దానికి బదులు కాదు, దానికంటే ముందు.

ఐదేళ్లుగా తైచీనో ఐకిడోనో చేస్తూ, ఇది చదివి మనసు కష్టపెట్టుకున్నవాళ్లు మానేయక్కర్లేదు. వారంలో ఒకరోజు జూడో క్లాసుకు వైట్ బెల్టు కట్టుకుని వెళ్లండి. మొదటి నెల మీకొచ్చినదేదీ పనిచేయదు, చిరాకేస్తుంది. తర్వాత ఆ "వినడం" మెల్లగా బయటికొస్తుంది, ఈసారి లాగుడు మధ్యలో. మీ పాత క్లాసులో మాత్రం మాస్టారిని అందరి ముందూ పరీక్షించబోకండి, అది మర్యాదా కాదు, దాంతో తేలేదీ లేదు. మీ జోడీని పక్కకి పిలిచి "ఈసారి కుదరకపోతే పడొద్దు" అనండి చాలు.

నేను అలా అడిగిన రోజు మా జోడీ కుర్రాడు వెంటనే సరేననలేదు. ముందు తల తిప్పి మాస్టారి వైపు చూశాడు.